అసాంతే అన్న పాపానికి

కిందటి వారం కరంబును సెనేట్ టీ గదిలో ఓ మూల బల్ల దగ్గర వదిలిపెట్టాం. ఎదుట మీగడ కట్టిన టీ, కొరకని మందాజి బూరె, పక్కన పార్టీ విప్ ముసెంబి ఇచ్చి వెళ్ళిన ఇంగ్లీషు కాయితాలు. మధ్యాహ్నం సభ మొదలవగానే ఆమె తీర్మానం చర్చకు వస్తుంది. పదేళ్ళు నిండని పిల్లల్ని బోర్డింగు బడుల్లో ఉంచడం ఆపాలని ఆ తీర్మానం. దానికి బదులు పేటపేటలో, బడి వదిలాక తల్లి వచ్చేదాకా పిల్లలు ఉండేందుకు ఓ గది, ఓ ఆయా, ఓ పూట తిండి ప్రభుత్వమే చూడాలని. మొదట్లో పార్టీ పెద్దలు ఆమె భుజం తట్టారు. ఆ తరవాత ఏ బోర్డింగు బడి ఎవరి బావమరిదిదో ఒక్కటొక్కటే బయటపడింది. ముసెంబి కాయితాల్లో 'ఆపాలి' అన్న చోటల్లా ఇప్పుడు 'పరిశీలించాలి' అని ఉంది.

కరంబు ఓట్లతో గెలిచి వచ్చిన మనిషి కాదు. పార్టీ తన జాబితాలో పేరు రాస్తే సెనేటర్ అయింది. రాసిన చెయ్యి కొట్టేయనూ గలదు. ఆ సంగతి ముసెంబి ఎత్తలేదు. టీలో చక్కెర కలుపుకుంటూ, ఈ వయసులో ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోవాలక్కా అన్నాడు, అంతే. తనే ఆ తీర్మానాన్ని బలపరుస్తానని కూడా మాటిచ్చాడు, తనిచ్చిన కాయితాలు ఆమె ఉన్నవున్నట్టు చదివితే.

అతను అటు వెళ్ళాడో లేదో, ఇటు గుమ్మంలో కూతురు కగ్విరియా కనిపించింది. అక్కడ ఆగాం.

కూతురు సెనేట్‌కు రావడం అదే మొదలు. స్వెట్టర్ కింద నర్సు యూనిఫాం ఇంకా ఒంటిమీదే ఉంది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా వచ్చినట్టుంది. కళ్ళు లోపలికి పోయాయి.  చెప్పకుండా వచ్చిన మనిషి మంచి కబురు తేదని కరంబు నమ్మకం.

"కెండి ఏదీ?" అంది ముందుగా.

"పక్కింటావిడ దగ్గరుంది. ఈ వారానికే. ఆవిడ ఆదివారం వాళ్ళ ఊరెళ్ళిపోతోంది, ఇంక రాదు."

కగ్విరియా కూర్చుంది. తల్లి తినని మందాజి తీసుకుని కొరికింది. నమిలి మింగింది. ఆ తరవాత, తల ఎత్తకుండానే, కెండికి బోర్డింగులో సీటు దొరికిందని చెప్పింది. చలిప్రదేశంలో మంచి బడి. సోమవారం చేర్చాలి. రేకు పెట్టె కొనేసింది. మూత మీద తెల్లరంగుతో పేరు కూడా రాయించింది.

కెండికి ఆరేళ్ళు. నిద్రలో ఇప్పటికీ తల్లి చెవితమ్మె పట్టుకుని పడుకునే పిల్ల.

 ఆ బడిలో సీటంటే మంత్రుల పిల్లలకే వరసలో నిలబడితే గాని రాదు. ఎలా దొరికిందని కరంబు అడిగింది.

"ముసెంబిగారు మాట్లాడిపెట్టారు," అంది కగ్విరియా. "నీ తీర్మానం టీవీలో వచ్చిన మర్నాడు ఆయనే ఫోన్ చేశారు. నేనేం చిన్నపిల్లని కాదమ్మా. ఎందుకు చేశారో నాకు తెలుసు."

"తెలిసే తీసుకున్నావా?"

"తెలిసే. మునిగిపోయేవాడు అందించిన చెయ్యి కడిగిందా లేదా అని చూస్తాడా?"

కరంబు గొంతు తగ్గించింది. పక్క బల్ల దగ్గర తీరప్రాంతపు సెనేటర్ మ్వాచిరో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అవతలి పార్టీవాడు. చెవులు మాత్రం ఏ పార్టీవీ కావు. ఆమె నెమ్మదిగా, బతిమాలుతున్నట్టే, నేనున్నాను కదా, పిల్లని నా దగ్గర ఉంచు అంది.

కగ్విరియా నవ్వింది. అలసిపోయినవాళ్ళు నవ్వే నవ్వు.

"నువ్వెక్కడున్నావమ్మా? సోమవారం మన మేరులో ఉంటావు, మంగళవారం ఇక్కడ కమిటీ. శనివారం నిన్ను చూడాలంటే ఎవరో ఒకరు చావాలి. నీ కార్లో ఉన్న పూలదండలు చూసి కెండి ఏమడిగిందో తెలుసా? అవ్వ పని శవాల్ని సాగనంపడమా అని."

ఆ మాటకు వేరే రోజైతే కరంబు తనూ నవ్వేది.

"నన్ను నువ్వు బోర్డింగుకు పంపలేదు," అంది కగ్విరియా మళ్ళీ. "నిజమే. నీకు ఇంట్లో పిన్ని ఉంది. పిన్ని పెళ్ళి మానుకుని నన్ను పెంచింది. నాకెవరున్నారు? మొంబాసా వెళ్ళినవాడు వెళ్ళినట్టే పోయాడు. రాత్రి వార్డులో ఎవరి బిడ్డకో సెలైన్ పెడుతుంటే, తాళం వేసిన నా ఇంట్లో నా బిడ్డ లేచిందేమోనని సూది రెండుసార్లు గుచ్చుతాను. నర్సుల రాత్రి డ్యూటీల మీద నువ్వు మాట్లాడావు కదా కిందటేడు? వార్డులో అందరం కలిసి చూశాం. మీవాళ్ళు మెచ్చుకుంటూ కాళ్ళతో నేల చరిచారు. ఎంత బాగా మాట్లాడిందో మీ అమ్మ అన్నారంతా. నా డ్యూటీ మాత్రం మారలేదు."

 కరువు మీద మాట్లాడింది కరంబు. ఆస్పత్రుల్లో ప్రాణవాయువు మీద మాట్లాడింది. కొండదారుల మీద, రాత్రి డ్యూటీల మీద మాట్లాడింది. ప్రతిసారీ ఇంటి దగ్గర ఇంగ్లీషులో రాసుకుని, అద్దం ముందు చదువుకుని, తప్పు లేకుండా ఒప్పజెప్పింది. మంత్రులు లేచి, గౌరవ సభ్యురాలి సూచన గమనించాం అన్నారు. గమనించిన చోటే అవన్నీ ఉండిపోయాయి.

"నీ గదులూ ఆయాలూ వచ్చేసరికి కెండికి పెళ్ళవుతుంది," అంది కూతురు. "ఆ కాయితాలు చదివెయ్యి. ఒక్కసారి నాకోసం ఊరుకో. నేను పైన గ్యాలరీలో కూర్చుంటాను. చదివితే సోమవారం పిల్లని దింపొస్తాను. చదవకపోతే సీటు పోతుంది. సీటు పోతే నువ్వింక మా ఇంటి గుమ్మం తొక్కకు."

లేచి వెళ్ళిపోయింది. సగం కొరికిన మందాజి పళ్ళెంలో ఉంది.

గుమ్మం తొక్కకు అన్నది కోపంలో అన్న మాటే కావచ్చు. కాని కరంబుకు అలాంటి మాటలు ఒంట్లోంచి తొందరగా పోవు. మొగుణ్ణి మట్టిలో పెట్టి వచ్చింది, చెల్లెల్ని పెట్టి వచ్చింది. మిగిలింది ఈ ఒక్క గుమ్మం. కాయితాలు ఇంకోసారి తిరగేసింది. పరిశీలించాలి. సమగ్రంగా పరిశీలించాలి. సరే, పరిశీలిస్తే పోయేదేముంది అనుకుంది. గంట మోగింది. చదివేద్దామనే నిశ్చయించుకుని లోపలికి నడిచింది.

స్పీకర్ ఆమె పేరు పిలిచాడు. ఆమె లేచి, ముందు పైకి చూసింది. గ్యాలరీ మొదటి వరసలో, కటకటాల మీద మోచేతులు ఆనించి కగ్విరియా ఉంది. చూపు దించుతూ కరంబు నోరు తెరిచింది.

"అసాంతే సానా, బ్వానా స్పికా. ఈ అవకాశం ఇచ్చినందుకు మీకు నా కృతజ్ఞతలు."

కావాలని అన్నది కాదు. దినాల్లో, పెళ్ళిళ్ళలో, ఊరి సభల్లో మైకు చేతికిస్తే ఎవరైనా స్వాహిలీలో ముందనే మాటే అది. మనసు గ్యాలరీలో ఉంటే నోరు తన అలవాటు తను చూసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని ఇంగ్లీషు కాయితం మొదటి వాక్యం అందుకుంది. వాక్యం సగమైనా కాలేదు, అవతలి వరసలో మ్వాచిరో లేచాడు.

"పాయింట్ ఆఫ్ ఆర్డర్, బ్వానా స్పికా. గౌరవ సభ్యురాలు, మెషిమివా కరంబు, స్వాహిలీలో మొదలుపెట్టారు. ఏ భాషలో మొదలుపెట్టినవాళ్ళు ఆ భాషలోనే ముగించాలని మన నియమం. లేకపోతే రేపు నేను స్వాహిలీలో దణ్ణం పెట్టి, మా గిరియామా భాషలో తిట్టి, ఇంగ్లీషులో క్షమాపణ అడుగుతాను."

సభ గొల్లుమంది. మ్వాచిరో స్వాహిలీ సముద్రపుటొడ్డు స్వాహిలీ. వింటే చెవిలో నూనె పోసినట్టుంటుంది. కొండల మీది మేరువాళ్ళ స్వాహిలీ అంటే అతనికి ఎప్పుడూ వేళాకోళమే. ఏది మనిషో ఏది వస్తువో వాళ్ళ మాటలో తెలియదని, బల్లలు నడుస్తాయని, మనుషులు పడుంటారని ఏడిపిస్తాడు.

కరంబు మళ్ళీ మొదలుపెడతానంది. ముసెంబి చివాలున లేచి, అది మర్యాదకన్న మాటే గాని ప్రసంగం కాదని ఇంగ్లీషులో వాదించాడు. స్పీకర్‌కు కూడా ఆ మధ్యాహ్నం నిద్రమబ్బు వదిలినట్టుంది.

"కృతజ్ఞత చెప్పడం ప్రసంగంలో భాగం కాదంటే మన సభ్యుల ప్రసంగాల్లో మిగిలేది చాలా తక్కువ," అన్నాడు. "రాసుకునేవాళ్ళు రాసేసుకున్నారు మెషిమివా. స్వాహిలీలోనే కానివ్వండి. లేదా కూర్చోండి."

కూర్చుంటే తీర్మానం అంతటితో సరి. కరంబు కూర్చోలేదు. చేతిలో ఉన్నదాన్నే స్వాహిలీలోకి దించబోయింది. మొదటి పేరాలో 'విధానపరమైన చట్రం' ఉంది. విధానానికి మాట దొరకలేదు. చట్రానికి దొరికింది గాని అది కిటికీ చట్రం. పిల్లల మేలు కోసం ప్రభుత్వం మంచి కిటికీ ఒకటి చేయించాలని ఆమె సభను కోరింది. ఈసారి సొంత పార్టీవాళ్ళే ముందు నవ్వారు.

 కరంబు కాయితంలో ఇంకో వరస చూసింది, ఇంకో వరస చూసింది. అందులో ఉన్న ఏ ఒక్క మాటనూ ఆమె జన్మలో ఎవరితోనూ స్వాహిలీలో అనలేదు. సంతలో అనలేదు, బళ్ళో అనలేదు, చావింట్లో అనలేదు. కాయితాలు బల్ల మీద పెట్టేసింది. పైకి చూడలేదు.

"నాకొచ్చిన స్వాహిలీలో చెబుతాను," అంది. "బోర్డింగులో పొద్దున్నే గంట కొడతారు. అప్పుడు పరుపు బయటికి వస్తాడు."

పరుపు వస్తాడట అని ఎవరో వెనక నుంచి అందించారు. నవ్వులు.

"పరుపు తడిసి ఉంటాడు. ఎందుకంటే దాని మీద పడుకున్నది ఆరేళ్ళ పిల్ల. చీకట్లో లేవడానికి భయం. ఆ పరుపుని నెత్తిన పెట్టుకుని పిల్ల ప్రార్థన జరిగే చోటు మీదుగా నడవాలి. అడ్డదారిన పోకూడదు. అందరూ వరసల్లో నిలబడి పాడుతుంటారు, పాడుతూనే చూస్తారు. పరుపుకి బరువుంటుంది. పిల్లకి మొహం ఉండదు, పరుపు కిందికి పోతుంది గదా. ఎవరు ఆ పిల్ల అని అడగక్కర్లేదు. కాళ్ళు చూసి చెప్పేస్తారు."

నవ్వు ఎక్కడ ఆగిందో ఆమెకు తెలియలేదు. ఆ నడకను ఎరిగినవాళ్ళు ఆ సభలో ఎంతమందో ఎవరు చెప్పగలరు. కొందరు మాత్రం తమ బూట్ల వైపు చూసుకుంటున్నారు.

ఆ తరవాత ఆమె తన నాయనమ్మ సంగతి చెప్పింది. తల్లి లేని తనని నాయనమ్మే కొండ దిగి నడిపించుకొచ్చింది, మిషను బడికి. గేటు పక్కన రేకు పెట్టె మీద కూర్చోబెట్టింది. చెంప నిమిరింది. 'నకూజా' అంది.

నకూజా అంటే వస్తున్నానని. ఆ దేశంలో మనిషి లేచి వెళ్ళిపోయేటప్పుడు అనే మాట అదే. మనం పోతున్నా అనడానికి నోరు రాక వెళ్ళొస్తా అంటాం. వాళ్ళు ఆ వెళ్ళడాన్ని కూడా మాటలోంచి తీసేశారు. పెద్దవాళ్ళకు ఆ సంగతి తెలుసు గనక ఎవరూ ఎదురుచూడరు. ఆరేళ్ళ పిల్లకు తెలియదు.

"వస్తున్నానంది గదా అని కూర్చున్నాను," అంది కరంబు. "అన్నానికి పిలిస్తే లేవలేదు. నేను లేస్తే నాయనమ్మ వచ్చి చూసుకుని, లేదనుకుని పోతుందని. వాళ్ళు పెట్టెతో సహా నన్ను ఎత్తుకెళ్ళి లోపల పెట్టారు. సెలవులకు ఇంటికెళ్ళేసరికి నాయనమ్మ లేదు. మట్టి కూడా ఆరిపోయింది. బ్వానా స్పికా, మీరంతా చదువుకున్నవాళ్ళు. వస్తున్నా అన్న మాట పిల్లకిచ్చి, వెళ్ళిపోయే హక్కు మనకెవరిచ్చారు?"



ఇక్కడితో ఆపితే బాగుండేది. సభ ఆమె వైపుంది. కాని పైన కటకటాల మీద రెండు మోచేతులున్నాయి. ఆ మోచేతులకు కూడా జవాబు చెప్పాలి. తడబడుతూనే, బల్లలను మనుషుల్ని చేస్తూనే, కరంబు అదీ చెప్పింది. బోర్డింగుకు పంపే తల్లి రాక్షసి కాదంది. రాత్రి పనికి పోయే తల్లి ఇంటికి తాళం వేస్తే పిల్ల లోపలుంటుంది, వెయ్యకపోతే దొంగ లోపలుంటాడంది. అటువంటి తల్లి తనను నిలబెట్టి ఇప్పుడు నా బిడ్డ ఎక్కడుండాలి అని అడిగితే తన దగ్గర ఇవాళ్టికి జవాబు లేదంది. "ఒక్కదాన్నే వెతికితే దొరకలేదు. అందుకే మీ దగ్గరికి తెచ్చాను. పరిశీలించమని తేలేదు. ఆపమని తెచ్చాను. ఆపి, ఆ గది కట్టమని తెచ్చాను."

పరిశీలించమని తేలేదు అన్నప్పుడు ముసెంబి పెన్ను మూత పెట్టాడు.

పద్ధతి ప్రకారం ఆమె చివరగా, ఈ తీర్మానాన్ని బలపరచవలసిందిగా సెనేటర్ ముసెంబిని కోరుతున్నానంది. ముసెంబి కదలలేదు. ఎదుటి గోడ మీద ఏదో ఉన్నట్టు చూస్తున్నాడు. స్పీకర్ ఇంకోసారి అతని పేరు పిలిచాడు. బలపరిచేవాడు లేకపోతే తీర్మానం పుట్టనట్టే. సొంత పార్టీ వరసల్లో ఒక్క తల కూడా లేవలేదు. కరంబు కూర్చుని, బల్ల అంచు పట్టుకుంది.

అవతలి వరసలో కుర్చీ కిర్రుమంది. మ్వాచిరో.

"మళ్ళీ పాయింట్ ఆఫ్ ఆర్డరా?" అన్నాడు స్పీకర్ విసుగ్గా.

"కాదు బ్వానా స్పికా. ఆమె స్వాహిలీ నాకేం నచ్చలేదు," అన్నాడు మ్వాచిరో. టై సర్దుకున్నాడు. అతని గొంతు ఎప్పటిలా నూనెలా జారలేదు. "తీర్మానాన్ని బలపరుస్తున్నాను."

అంతే అని కూర్చున్నాడు. ఎక్కడో వెనక వరసలో కాళ్ళ చప్పుడు మొదలైంది. అది మెల్లగా ముందుకు వచ్చింది. కరంబు అప్పుడు పైకి చూసింది. కగ్విరియా మొహం చేతుల్లో దాచుకుని ఉంది. ఏడుస్తోందో, కోపమో, నిద్రో, అంత దూరం నుంచి తెలియలేదు.

చప్పుడు సద్దుమణిగాక ముసెంబి లేచాడు. నిదానంగా, ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మెషిమివా ప్రసంగం తననూ కదిలించిందన్నాడు. ఒక్క చిన్న సందేహం మాత్రం ఉందన్నాడు. తనకో తనవాళ్ళకో సంబంధం ఉన్న విషయం మీద మాట్లాడేవారు ఆ సంగతి ముందుగా సభకు చెప్పాలి కదా. దాచినవాళ్ళు సభలో ఉండేందుకు అర్హులు కారు కదా.

"మెషిమివా కుటుంబంలో ఆరేళ్ళ పిల్ల ఎవరికైనా, ఈ వారంలోనే, బోర్డింగు బడిలో సీటు తీసుకున్నారా? ఆ బడిలో మామూలువాళ్ళకి దొరకని సీటు? సభకు తెలుసుకునే హక్కుంది. అవునో కాదో చెబితే చాలు."

అడకత్తెర రెండు వైపులా బిగిసింది. సీటు ఇప్పించింది అతనే. కాని ఎక్కడా అతని పేరుండదు. ఉండేది కగ్విరియా పేరే. కాదంటే కరంబు సభకు అబద్ధం చెప్పినట్టు, రేపు ఈ కుర్చీలో ఉండదు, తీర్మానమూ ఉండదు. అవునంటే సాయంత్రం వార్తల్లో ఆమె కూతురు మొహం ఉంటుంది. వార్డులో అందరూ కలిసి చూస్తారు.

పైన కగ్విరియా లేచి నిలబడింది. తల అడ్డంగా ఊపుతోంది, గట్టిగా, మళ్ళీ మళ్ళీ. గ్యాలరీలోవాళ్ళు నిలబడకూడదని సభ కాపలావాడు ఆమె వైపు నడిచాడు. వద్దంటోంది. ఏది వద్దు? చెప్పొద్దా, దాచొద్దా? కన్న బిడ్డ మొహమే, అయినా కరంబుకు అందలేదు.

"మెషిమివా," అన్నాడు స్పీకర్. "సభ ఎదురుచూస్తోంది."

కరంబు లేచింది.

"అవును, బ్వానా స్పికా," అంది. "ఆ పిల్ల నా మనవరాలు. ఆ సీటు ఎవరిప్పించారో కూడా చెబుతాను."

గ్యాలరీ తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడైంది. ఆమె తల ఎత్తలేదు. ఎత్తి చూస్తే మిగతా మాట నోట రాదని ఆమెకు తెలుసు.